పట్టికయందలి బాలుఁడు

కావ్యమును విమర్శించువారు మనలోఁ బలువురు గలరు; పట్టికను విమర్శించువారు మిక్కిలి తక్కువ. అంకెకుఁ దాత్పర్యము వేఱుగా నుండదని మన నమ్మకము. కాని దేనిని లెక్కింపవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించినది మనుష్యుఁడే. కాఁబట్టి పట్టికయు నొక రచనయే. దానిని జదువునప్పుడును వాచ్యార్థముతో నిలిచిపోరాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోఁ బ్రభుత్వ పాఠశాలలను నడపు స్థానిక విద్యామండలములను స్కూల్ డిస్ట్రిక్టు లందురు. విద్యార్థుల యవసరములను దెలుపు వారి పట్టికలలో సాధారణముగా మూఁడు గడులు కానవచ్చును: ఇంగ్లీషు భాషను నేర్చుకొనుచున్నవారు, అంగవైకల్యాదులచేఁ బ్రత్యేక బోధనము కావలసినవారు, ఉచితముగానో తగ్గింపు ధరకో భోజనము పొందుట కర్హులు. ఒకే బాలుఁడు మూఁడు గడులలోను ఉండవచ్చును. ఇది మఱచి మూఁడింటిని గూడినచో నొక్క బిడ్డ ముగ్గురగును. అయినను ఈ పొరపాటు చదువరిది. మూఁడవ గడిలోని దోషము పట్టికదే.

1946లో అధ్యక్షుఁడు ట్రూమన్ జాతీయ పాఠశాల భోజన చట్టముపై సంతకము చేసెను. నేఁటి నియమము ప్రకారము కుటుంబాదాయము దారిద్ర్యరేఖకు నూటికి 130 వంతులు మించనిచో భోజనము ఉచితము. అంతకు మించి 185 వంతుల వఱకైనచో తగ్గింపు ధర. ఆ ధర మధ్యాహ్న భోజనమునకు 40 సెంట్లు దాఁటరాదు. ఆ దారిద్ర్యరేఖకు మూలము 1960ల తొలి యేండ్లలో మోలీ ఆర్షాన్‌స్కీ యను ప్రభుత్వోద్యోగిని వేసిన లెక్క. ఆమె మితవ్యయపు టాహారపు ఖర్చును మూఁడింతలు చేసినది. ధరలనుబట్టి రేఖ యేటేటఁ బెరుగుచున్నను, అలాస్కా, హవాయిలు తప్పఁ దక్కిన 48 రాష్ట్రములకు నది యొక్కటే. న్యూయార్కు నగరమునందలి యింటి యద్దె, మిసిసిపీ పల్లెలోని యద్దె ఒక్కటి గావు. రేఖ కా భేదము కనఁబడదు.

ఇఁక 'అర్హుఁడు' అను మాటను జూడుఁడు. ఇతర సహాయ పథకములలోఁ బేరు లేని యింటివారు దరఖాస్తు వ్రాసి, తమ రాబడిని దెలుపవలెను. అభిమానముచే నొక తల్లి దానిని వ్రాయదు. పరభాష చదువలేక, సర్కారు కాగితమనిన భయపడి, మఱియొక తల్లి వ్రాయదు. వారి మౌనమును పట్టిక కలిమిగాఁ జదువుకొనును. ఉచిత భోజనము పొందు పిల్లలను పదుగురిలో వేఱుపఱుపరాదని చట్టము నిషేధించుచున్నను, భోజనపు బాకీ పేరిట బాలురను సిగ్గుపఱచు వాడుక ప్రబలినందున, న్యూమెక్సికో రాష్ట్రము 2017లో దానిని ప్రత్యేక శాసనముచే మాన్పవలసి వచ్చినది. పెద్దవారి యప్పునకు బిడ్డ తల వంచుకొనుట ఏ దేశపు బడిలోనైనను తప్పే.

ఈ చిక్కునకు 2010 నాఁటి చట్ట మొక మార్గము చూపెను. 2014-15 విద్యాసంవత్సరమునుండి అది దేశమంతట నమలులోనికి వచ్చెను. ఆహార సహాయము మొదలగు పథకముల ద్వారా దరఖాస్తు లేకయే గుర్తింపఁబడిన పిల్లలు నూటికి 40 మంది యున్నచో, ఆ పాఠశాల యందఱికిని ఉచితముగా భోజనము పెట్టవచ్చును. 2023లో ఆ 40 తగ్గి 25 అయినది. గుర్తింపఁబడినవారి నిష్పత్తిని 1.6తో హెచ్చించి, వచ్చిన వంతు భోజనములకు కేంద్ర ప్రభుత్వము ఉచిత భోజనపు రేటున సొమ్మిచ్చును. నలుబదియైనచో 64 వంతులు, 62.5 అయినచో నూటికి నూఱు.

అందఱును దినుచున్నారు, సంతోషమే. కాని కొన్ని పట్టికలు అట్టి బడిలోని వారందఱిని బీదల గడిలోఁ జేర్చును. 'ఈ అంకెకు విలువ పోయినది. ఏ బడికి ఎక్కువ ధనము కావలెనో ఎట్లు తెలియును?' అని పరిశోధకులును, అధికారులును అడుగుచున్నారు. అది త్రోసివేయఁదగిన ప్రశ్న కాదు. బీదవాడల బడులకు అదనపు ఉపాధ్యాయులు, పుస్తకములు కావలెను. లెక్క చెడినచో నష్టపడువారు వారే. కాని దానికొఱకు మరల దరఖాస్తులు పెట్టించుట, త్రాసు చెడినదని ధాన్యమును దాఁచివేయుట వంటిది.

నా విమర్శ యింతే: అన్నమునకు లెక్క యక్కఱలేదు, ఉపాధ్యాయుని నియామకమునకు లెక్క కావలెను. ఈ రెంటిని ఒకే గడిలో నుంచుటయే దోషము. మన దేశమున 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోని ప్రతి బిడ్డకును వండిన భోజనము పెట్టవలెనని యుత్తరువిచ్చినప్పుడు ఇంటి రాబడి నడుగలేదు. భోజనము అట్లే యుండవలెను. బీదఱికపు లెక్కను ఇంటి రాబడి, ఊరి యద్దెలు తెలిసిన వేఱు సాధనములతోఁ గట్టవలెను. దాని భారము బిడ్డ కంచముపై మోపరాదు.

పలు సంవత్సరములుగా హాజరుపట్టీ వ్రాయుచున్నవాఁడను. 'హాజరు' అని వ్రాసిన గుర్తు, ఆ బాలుఁడు తిని వచ్చెనో లేదో నా కెన్నఁడును చెప్పలేదు. అది తెలియుటకు పుస్తకమునుండి తలయెత్తి వాని ముఖము చూడవలసి వచ్చెడిది.