గడప దాటని ఈవెలిన్

జేమ్స్ జాయిస్ ‘డబ్లినర్స్’ (1914) సంపుటములోని ఈవెలిన్ ఓడరేవుదాక వచ్చి, ఇనుప కటకటము పట్టుకొని నిలిచిపోవును. పెండ్లియాడి బ్యూనస్ ఐరిస్‌కు గొనిపోదునన్న ఫ్రాంకు పిలిచినను కదలదు. ఇల్లు నిలుపుదునని చనిపోయిన తల్లికి మాట యిచ్చినది. తన్ను నమ్మిన చిన్నపిల్లలు ఇద్దరున్నారు. కనుక ధర్మమే ఆమెను ఆపినదని తోచును. మేమట్లు తలపము. ఆ కడపటి క్షణమున ఆమెకు తల్లి గాని పిల్లలు గాని తోపరు. తన్ను ముంచివేయు సముద్రమే తోచును. అది భయము. ధర్మము దానికి తొడిగిన పేరు.

గురజాడవారి ‘కన్యాశుల్కము’ (రెండవ కూర్పు, 1909)న బుచ్చమ్మ గడప దాటినది. చెల్లెలు సుబ్బికి ముసలివానితో పెండ్లి తప్పింపవలెనన్న తపనయే ఆమెను కదల్చినది. కుటుంబధర్మము కాళ్లకు సంకెలయే కానక్కరలేదన్నమాట.

అయినను గిరీశము వెంట పోవుట విముక్తి కాదు. సౌజన్యారావు పంతులు ఆమెను పూనా వితంతు శరణాలయమునకు పంపినప్పుడే ఆ ప్రయాణమునకు అర్థము కలిగినది. ఈవెలిన్‌కో, ఒక పురుషుని చేయి తప్ప వేరు ఆశ్రయము లేదు.

డబ్లిన్ అయిననేమి, మా చిలకలగూడ అయిననేమి? ఆడుపిల్లను పిరికిదని నిందించువారు, గడప కావల ఆమెకు చదువును, కొలువును, తలదాచుకొను చోటును ముందు చూపవలయును.