శిఖరాల ఊళ్లో హాస్టల్ గది

ఆక్స్‌ఫర్డ్ నడిబొడ్డున కార్‌ఫాక్స్ కూడలి ఉంది. దానికి 1,200 మీటర్ల లోపు కొత్త కట్టడాలేవీ సుమారు 18.2 మీటర్ల ఎత్తు దాటకూడదని ఆ నగరం ఏళ్ల తరబడి పట్టుబట్టింది. కాలేజీల శిఖరాలు దూరానికి కనబడాలి మరి. ఇంకోపక్క, వర్సిటీ వసతి దొరక్క ఊళ్లో అద్దెకుండే విద్యార్థులు ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి 3,000 మించకూడదనీ అదే నగరం షరతు పెట్టింది. ఎత్తు పెరగకూడదు, గదులు పెరగాలి. ఆర్కిటెక్టు బల్ల మీదికి చేరే చిక్కులెక్క ఇదే.

ఈ లెక్కకు పాత వీధుల రక్షణా తోడవుతుంది. బ్రిటన్‌లో పరిరక్షణ ప్రాంతాలు 1967 నాటి చట్టంతో మొదలయ్యాయి. ఒక్క భవనాన్ని కాక వీధి మొత్తాన్నీ, దాని తీరుతెన్నులతో సహా కాపాడాలన్నది ఆలోచన. కొత్తవి కట్టొద్దని చట్టం అనలేదు.

అలాంటి చోట కట్టేవాళ్లు ముందుగా వెతికేది పక్కగోడ రంగు రాయి, అది కలిస్తే చాలన్న ధీమాతో. కీబుల్ కాలేజీని చూస్తే ఆ ధీమా సడలుతుంది. తేనెరంగు రాతి ఊళ్లో విలియం బటర్‌ఫీల్డ్ దాన్ని రంగురంగుల ఇటుక పట్టీలతో కట్టాడు. 1870లో అది తెరుచుకున్నప్పుడు నవ్వినవాళ్లు తక్కువేం కాదు. ఇవాళ అది గ్రేడ్ 1 రక్షిత కట్టడం.

ఇటుకల గొడవలో కీబుల్ తెచ్చిన మరో మార్పు పెద్దగా చర్చకు రాలేదు. పాత కాలేజీల్లో ఒక్కో మెట్లదారిని అంటిపెట్టుకుని కొన్నేసి గదులుంటాయి. కీబుల్ గదులను పొడవాటి కారిడార్ వెంట పేర్చింది. నేటి హాస్టళ్లు ఎక్కువగా ఆ బాటే పట్టాయి: ఒక్క లిఫ్టుతో అంతస్తంతా చేరొచ్చు, చక్రాల కుర్చీకి అనువు, ఖర్చూ కలిసొస్తుంది. బయటికి మాత్రం ఒకే కొలత కిటికీల బారు మిగులుతుంది. మెట్లదారి పద్ధతిలో భవనం దానంతటదే ముక్కలుగా విడిపోయి, పక్క ఇళ్ల కొలతకు దిగుతుంది. 1960ల చివర పావెల్ అండ్ మోయా సంస్థ క్రైస్ట్ చర్చ్ కాలేజీకి కట్టిన బ్లూ బోర్ క్వాడ్ పాత ప్రహరీ వెనక అలాగే ఒదిగిపోయింది.

ఇంకో రెండు కట్టడాలను పక్కపక్కన పెట్టి చూడాలి. క్వీన్స్ కాలేజీకి జేమ్స్ స్టిర్లింగ్ 1971లో పూర్తిచేసిన ఫ్లోరీ బిల్డింగ్‌కు వీధివైపు ఎర్ర టైళ్లు, లోపలివైపు గాజుగోడ. ఆర్కిటెక్టులు దాన్ని చూడటానికి వెళ్లేవారు, అందులో ఉన్న విద్యార్థులేమో ఉక్కపోతతో, చాటులేమితో విసిగిపోయారు. 2013 నాటికి రైలుపట్టాల పక్కన లేచిన క్యాజిల్ మిల్ వసతి కథ తిరగబడింది. లోపల కాపురాలకు పనికొచ్చే ఫ్లాట్లు. బయట మాత్రం, 1086 నాటి డూమ్స్‌డే రికార్డుకెక్కిన పోర్ట్ మెడో పచ్చికబయలు నుంచి చూసేవారికి శిఖరాల వరస కొంత మరుగైంది. పై అంతస్తు తీసేయాలన్న ఉద్యమం విశ్వవిద్యాలయ సభ దాకా వెళ్లింది. 2015లో ఓటు పెడితే, తీయొద్దన్నవారే గెలిచారు. అప్పటికే అక్కడ పరిశోధక విద్యార్థులు కుటుంబాలతో ఉంటున్నారు.

ఈ రెండు తగాదాల మూలం రాయిలో లేదు, ఇటుకలో లేదు. ఒకచోట లోపల నిద్రపోయేవారిని మరిచారు, రెండోచోట దూరాన నడిచేవారిని. పైగా గదుల సంఖ్య ముందే ఖాయమై వస్తే, అంతస్తులు ఆ లెక్కకే లొంగుతాయి. ఈ కాలమ్ కోరేది ఒక్కటే: అనుమతి దరఖాస్తులో బయలు నుంచి కనిపించే దృశ్యం పక్కనే, మంచం, బల్ల, కిటికీ, మధ్యాహ్నపు ఎండ గీసిన ఒక గది బొమ్మ కూడా ఉండాలి. ఆ రెండూ చూశాకే గదులెన్నో తేల్చాలి.