రేవు, బీచ్, సముదాయం: తీర పర్యాటక పరిభాషపై విమర్శ

తీర పర్యాటక చర్చలో ‘సుస్థిరత’, ‘సముదాయ భాగస్వామ్యం’ అనే పదబంధాలు జంటగా ప్రయోగింపబడుతుంటాయి. మొదటిదానికి కొలమానాలు ఏర్పడ్డాయి. రెండవది మాత్రం ఇంకా సద్భావనాసూచకమైన మాటగానే మిగిలింది.

విశాఖపట్నంలోని రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. ఆ గుర్తింపునకు ఆధారమైన 33 ప్రమాణాలు పర్యావరణ విద్య, నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, భద్రతాసేవలు అనే నాలుగు విభాగాల కిందికి వస్తాయి. జీవనోపాధికి ప్రత్యేక విభాగం లేదు. నిర్వహణ సంఘం ఉండాలన్న నియమం ఉన్నది గాని, ఆ సంఘంలో వలవేసేవాడి మాటకు ఎంత విలువ అన్నది వేరే ప్రశ్న.

ఈ లోపం భాషలోనే కనిపిస్తుంది. తెలుగులో ‘రేవు’ అనే మాట ఒక వినియోగాన్ని సూచిస్తుంది. పడవ కట్టే చోటు, బట్టలుతికే చోటు, ఏరు దాటే చోటు అన్నీ రేవులే. ‘చాకిరేవు’ అన్నప్పుడు అక్కడ పనిచేసేవారు ఆ మాటలోనే ఉన్నారు. ‘బీచ్’ అన్న మాటలో పనిచేసేవాడు లేడు, చూసేవాడే ఉన్నాడు. రేవులో చేపలు ఎండబెట్టడం వృత్తి. అదే ఇసుక బీచ్‌గా మారిన తరువాత ఆ చేపల వాసన పారిశుద్ధ్య సమస్యగా నమోదవుతుంది. ‘లబ్ధిదారు’ అనే పదం ఈ మార్పును మరింత మృదువుగా పూర్తి చేస్తుంది: హక్కుదారు సేవకుడవుతాడు, దానిని ఉపాధి అంటారు.

చట్టం కూడా ఇదే దిశలో కదిలింది. 2019 జనవరిలో వెలువడిన తీరప్రాంత నియంత్రణ ప్రకటన, జనసాంద్రత అధికంగా ఉన్న గ్రామీణ తీరాలలో నిర్మాణరహిత మండలాన్ని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది.

సముద్రంలేని సంగారెడ్డికి ఈ చర్చతో సంబంధమేమిటన్న సందేహం సహజం. తెలుగులో ‘తీరం’ నదికీ ఉంది. మంజీర అభయారణ్యం, గోదావరి ముఖద్వారంలోని కోరంగి అభయారణ్యం రెండూ 1978లోనే ప్రకటింపబడ్డాయి. కోరంగి మడ అడవులలో పర్యాటక నిర్వహణలో గ్రామ కమిటీలకు పాత్ర కల్పించారు. మంజీర మొసళ్లకు రక్షణ దొరికింది గాని, పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాలు చేరిన నక్కవాగు కూడా ఆ నదిలోనే కలుస్తుంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అనంతరం ఆ నీటిని 18 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో అంబర్‌పేటకు మళ్లించారు. అంటే మంజీర భారం మూసీకి బదిలీ అయింది. దీనిని పరిష్కారమనడం కష్టం.

ఇదే ఔషధ పరిశ్రమ విశాఖ సమీపంలోని పరవాడలోనూ విస్తరించింది. అక్కడ శుద్ధిచేసిన వ్యర్థజలం సముద్రంలోకే వెళుతుంది. కనుక తీర సుస్థిరతను పర్యాటకుని ప్లాస్టిక్ సీసాతో మాత్రమే కొలిచే అధ్యయనం అసంపూర్ణం. పర్యాటకుని ప్రవర్తనకు ప్రశ్నావళి తయారుచేయడం సులభం. వ్యర్థజలపు గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వెదకడం శ్రమ. సముదాయ నాయకత్వం నిజంగా ఉన్నదా అని పరీక్షించదలచిన పరిశోధకుడు పడవ నడిపేవారి దినవేతనంతో ఆగిపోకూడదు. రిసార్టు అనుమతినీ, గొట్టం మార్గాన్నీ నిరాకరించే అధికారం ఆ ఊరి గ్రామసభకు ఉన్నదా అని అడగాలి.