పాత కెమెరాల కాలనిర్ణయము: ఒక విమర్శ

పాత కెమెరా దొరకగానే దాని నెత్తిన చెక్కిన వరుస సంఖ్యను చూచుట, ఏ సంఖ్య ఏ సంవత్సరమునకు చెందునో తెలుపు పట్టికలో వెదకుట, అందు కనిపించిన సంవత్సరమునే కెమెరా పుట్టిన యేడుగా ప్రకటించుట సేకర్తలలో వాడుకగా నున్నది. పద్ధతి సులభమే గాని శాస్త్రీయము కాదు. ఆ సంఖ్యను కర్మాగారము ఎప్పుడు కేటాయించినదో పట్టిక చెప్పును. చేతిలోని వస్తువు ఇప్పటి రూపమును ఎప్పుడు దాల్చినదో అది చెప్పజాలదు.

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున లైట్జ్ సంస్థవారు తయారు చేసిన లైకా కెమెరా ఇందుకు మంచి ఉదాహరణము. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన ఈ కెమెరా 1925లో లైప్‌జిగ్ వాణిజ్య ప్రదర్శనలో ప్రజల ముందుకు వచ్చినది. 1932 నాటి రెండవ నమూనాలో కటకముతో కలిసి పనిచేయు దూరమాపకము చేరినది. 1933 నాటి మూడవ నమూనాలో షట్టరును ఒక సెకను వరకు తెరచి యుంచు నెమ్మది వేగములు వచ్చినవి. పాత కెమెరా గలవారు దానిని కర్మాగారమునకు పంపినచో కొత్త నమూనాగా మార్చి యిచ్చెడివారు; సంఖ్యను మాత్రము పాతదే ఉంచెడివారు. కావున 1930 నాటి సంఖ్య, 1932కు పూర్వము అసలు లేని పైమూత మీద కనిపించవచ్చును. పట్టికను మాత్రమే నమ్మినవారు ఇచ్చట పొరబడక తప్పదు.

మరి చేయవలసిన దేమి? ఒక్కొక్క భాగమునకు విడివిడిగా కాలము నిర్ణయింపవలెను. 1930లో కటకమును మార్చుకొను వీలు కలిగినప్పుడు ప్రతి కటకమును ఒక్కొక్క కెమెరాకే సరిపుచ్చెడివారు. 1931లో బిగింపు వలయమునకును ఫిల్ముకును నడిమి దూరమును 28.8 మిల్లీమీటర్లుగా స్థిరపరచి, గుర్తుగా వలయముపై సున్న చెక్కిరి. 1940లో పోతపోసిన, కొంచెము పొడవైన కెమెరా దేహము వచ్చినది. ఫ్లాష్ దీపముతో షట్టరును జతపరచు అమరిక 1950లో వచ్చిన నమూనాలో కర్మాగారము నుండియే లభించినది. కటకములకు ఊదా ఛాయ నిచ్చు పూత రెండవ ప్రపంచ యుద్ధము తరువాతనే లైకాలలో సామాన్యమైనది. ఇట్టి గుర్తులలో మిక్కిలి కొత్తదేదో దానిని పట్టుకొనవలెను. ఆ కెమెరా నేటి రూపము అంతకు పూర్వపుది కానేరదు. తరువాత ఎప్పటిదైనను కావచ్చును.

పైకి కనిపించు చెక్కడమును ఇంకొక కారణముచేత కూడ నమ్మరాదు. ఖార్కివ్‌లో 1934 నుండి తయారైన ఫెడ్, మాస్కో సమీపమున క్రాస్నోగోర్స్క్‌లో 1948 నుండి తయారైన జోర్కీ కెమెరాలు లైకాకు అనుకరణలు. తరువాతి కాలమున కొందరు వాటి పేరు చెరిపి, లైకా పేరును ఒక సంఖ్యను చెక్కి అమ్మిరి. కటకము విప్పి చూచిన గుట్టు బయటపడును. దూరమాపకమును నడుపు మీట చివర లైకాలో చిన్న గుండ్రని చక్రముండును. ఈ అనుకరణలలో సాధారణముగా చీల వంటి కొన యుండును. 1923లో ప్రయోగార్థము చేసిన కొద్దిపాటి లైకాలలో 105వ సంఖ్య గలది 2022లో 1 కోటి 44 లక్షల యూరోలకు అమ్ముడు పోయినది. ధర ఇంతగా పెరిగిన చోట మోసమునకు ప్రేరణ కూడ పెరుగుట సహజము.

అయితే కలగలుపు కెమెరా లన్నియు దొంగవి కావు. కర్మాగారము చేసిన మార్పు ఒకటి, పని సాగుటకై చేసిన మరమ్మతు ఇంకొకటి, కొనువానిని మభ్యపెట్టుటకు చేసిన కూర్పు వేరొకటి. మొదటి రెండును ఆ వస్తువు చరిత్రలో భాగములు. మూడవది ఆ చరిత్రను దాచును. అందముకొరకు రంగు పూసి, అరిగిన మరలు మార్చి, పాత గీతలను చెరిపివేయు ఔత్సాహికులు మోసగించు తలంపు లేకయే అట్టి హాని చేయుచున్నారు. ప్రదర్శనశాలలలో ఒక్క సంవత్సరము వ్రాసి ఊరకుండుట కూడ సరికాదు. "సంఖ్య 1930 నాటిది, పైమూత 1932 తరువాతిది, కటకము యుద్ధానంతరపుది" అని వ్రాసినచో చూచువానికి నిజము తెలియును.

తాళపత్ర ప్రతిలో నడుమ ఆకులు వేరొకరి దస్తూరిలో ఉన్నప్పుడు, పరిష్కర్త చివరి ఆకుపై నున్న తేదీని గ్రంథమంతటికి అంటగట్టడు. ఉపాధ్యాయులు ప్రయోగశాలలోని పాత సూక్ష్మదర్శినిని విద్యార్థుల ముందుంచి, ఏ భాగము మొదటిది, ఏది తరువాత చేరినది, అట్లనుటకు ఆధారమేమి అని అడిగిన చాలును.