మూడేళ్ల కొలతకు నెగ్గిన చెట్టు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో పరదేశి వృక్షజాతుల మూల్యాంకనం

వర్షాభావ ప్రాంతాలకు పరదేశి వృక్షజాతులను ఎంపిక చేసేటప్పుడు ప్రధానంగా కొలిచేవి మూడు: బతికిన మొక్కల శాతం, ఎత్తు, కాండం చుట్టుకొలత. కలప అవసరానికి ఈ కొలతలు చాలవచ్చు. ఊరి అవసరానికి చాలవు.

సర్కారు తుమ్మ చరిత్రే ఇందుకు సాక్ష్యం. అమెరికా ఖండానికి చెందిన ఈ జాతిని 1877 ప్రాంతంలో వంటచెరకు కోసం కడప ప్రాంతంలో నాటించారు. నీరు లేకున్నా అది పెరిగింది. పశువులు ఆకును ముట్టలేదు. కాయలు తిని, పేడతో విత్తనాన్ని ఊరూరా చేర్చాయి. పై మూడు కొలతల్లో దానికి తిరుగులేదు. చెరువు శిఖాలను, బీళ్లను ఆక్రమించినదీ ఆ గుణాలతోనే. జనం పెట్టుకున్న పేరులో సర్కారు మాత్రం మిగిలిపోయింది.

తెలంగాణలో 2015 జూలై 3న హరితహారం మొదలైంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న నిబంధనను 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక చట్టం స్థానిక సంస్థల బాధ్యతగా మార్చాయి. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అయితే శాతమే గీటురాయి అయినచోట, తక్కువ కాపలాతో త్వరగా పచ్చబడే మొక్క వైపే ఎంపిక మొగ్గుతుంది. పట్టణాల డివైడర్లలో కోనోకార్పస్ విస్తరణను ఈ కోణంలో చూడాలి. పుప్పొడి, వేళ్ల వల్ల కలిగే ఇబ్బందుల దృష్ట్యా గుజరాత్ 2023లో దాని పెంపకాన్ని నిషేధించింది.

ఈ మూడు పట్టణాల పరిసరాలను ఒకే శుష్క మండలంగా లెక్కించడం మరో లోపం. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల్లో చాలా భాగం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. సూర్యాపేట చుట్టూ మెట్ట, బోరుబావుల సేద్యం ఎక్కువ. కాలువ ఊటలో పెరిగిన జామాయిల్ ఎత్తు ఆ ఊట బలాన్ని చెబుతుందే తప్ప చెట్టు కరవును తట్టుకునే శక్తిని చెప్పదు. మూడుచోట్ల కొలతలను కలిపి సగటు తీస్తే ఈ తేడా కనిపించదు.

రాష్ట్ర వృక్షమైన జమ్మి సర్కారు తుమ్మకు దగ్గరి బంధువే. వేరు లోతుకు దిగుతుంది, ఆకు మేతకు పనికివస్తుంది, పొలంలో పంటతో కలిసి నిలుస్తుంది. కానీ నెమ్మదిగా ఎదుగుతుంది. మూడేళ్ల పరీక్షలో జమ్మి ఓడుతుంది, సర్కారు తుమ్మ నెగ్గుతుంది. ఇక్కడ తప్పు జమ్మిది కాదు, గడువుది. కాబట్టి ప్రతి పరదేశి జాతి పక్కనా అదే నేలలో జమ్మిని, వేపను నాటి పోల్చాలి. సమీప బావుల నీటిమట్టాన్ని, మడి దాటి మొలిచిన మొక్కల సంఖ్యను కనీసం పదేళ్లు నమోదు చేయాలి. ఆయకట్టు లెక్కను, మెట్ట లెక్కను వేర్వేరుగా చూపాలి.