సీసా గొట్టమా, నీటి వాల్వా? పాలు మానే ఎలుక పిల్ల వైపు నుంచి

పుట్టినప్పుడు ఎలుక పిల్ల తూకం అయిదారు గ్రాములు. ఒంటి మీద నూగు ఉండదు, కళ్లు తెరుచుకోవు. రెండు వారాలకు చూపు వస్తుంది. 16, 17 రోజులకు తల్లి కొరుకుతున్న మేత గుళికను తానూ కొరకడం మొదలుపెడుతుంది. ప్రయోగశాలల్లో సాధారణంగా 21వ రోజున తల్లిని వేరు చేస్తారు. అప్పటిదాకా ప్రధానంగా పాలతోనే కడుపులోకి చేరిన నీటిని ఇకమీదట పిల్లే వెతుక్కోవాలి.

పాలు మాన్పించడం అనగానే అందరూ మేత గురించే మాట్లాడతారు. నీటి కథ అంతకంటే లోతైనది. తల్లి పిల్లలను నాకుతూ వాటి మూత్రాన్ని తాగేస్తుంది. పాలుగా ఇచ్చిన నీటిలో దాదాపు మూడింట రెండు వంతులు అలా తిరిగి రాబట్టుకుంటుందని 1976లో ఫ్రీడ్‌మన్, బ్రూనో చూపించారు. అంటే ఒకే నీరు తల్లికీ బిడ్డలకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. తల్లిని తీసేసిన రోజు ఆ తిరుగుడు తెగిపోతుంది. దాని స్థానంలో మనం పెట్టేది కేజ్ మూతలోంచి వంగిన స్టీలు గొట్టం సీసా, లేదంటే నీటి లైనుకు బిగించిన వాల్వ్. ఈ రెంటినీ మామూలుగా ఖర్చు, చాకిరీ లెక్కన బేరీజు వేస్తారు. నేను పిల్ల నోటి దగ్గర నిలబెట్టి చూస్తాను.

కొస తెరిచి ఉన్న సీసా గొట్టం చివర నీటి బొట్టు వేలాడుతూ ఉంటుంది. అటుగా పోతున్న పిల్ల ముక్కుకు తడి తగులుతుంది, నాలుక చాపితే బొట్టు దిగుతుంది. బలం అక్కర్లేదు. అయితే సీసా నమ్మదగిన చుట్టమేమీ కాదు. గొట్టం కొస పరిచిన ఊకకు తగిలిందంటే ఊక నీటిని లాగేస్తుంది. తెల్లారేసరికి సీసా ఖాళీ, నలభై గ్రాముల పిల్లలు తడిలో ముడుచుకుని చలికి వణుకుతుంటాయి. సగం ఖాళీ అయిన సీసా ఉన్న గది వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి నీళ్లు కారతాయి. ఏసీ ఆగిన మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఇది ఊహించుకోవడం కష్టం కాదు. గొట్టంలో గాలి బుడగ ఇరుక్కుంటే నీళ్లుండీ రావు. ఇన్ని లోపాలున్నా సీసాకు ఒక గుణం ఉంది. తడిసిన ఊక, పడిపోయిన నీటిమట్టం, అసలు తగ్గని నీటిమట్టం, అన్నీ కంటికి కనిపిస్తాయి.

వాల్వ్ గొప్పతనాన్ని తక్కువ చేయను. వందల సీసాలు కడిగి, నింపి, మోసే మనుషుల నడుములకు, మణికట్లకు అది నిజమైన ఊరట. కానీ అక్కడ నీరు తలుపు వెనక ఉంటుంది. చిన్న స్టీలు పుల్లను పక్కకు నెడితేనే దిగుతుంది. కోళ్ల ఫారాల్లో కొత్తగా దిగిన కోడిపిల్ల ముక్కును నీళ్లలో ముంచి తాగడం చూపిస్తారు. ఎలుక పిల్లకు అలా చూపేవాళ్లు ఎవరు? పైగా వాల్వ్ బిగుసుకుపోతే బయటి నుంచి చూసేవాళ్లకు తెలియదు. దప్పికగొన్న ఎలుక పొడి గుళికలు తినదు. మేత అలాగే మిగిలిపోవడం చూసి జబ్బేమో అనుకుంటారు. కళ్ల చుట్టూ ఎర్రటి మరక తేలి, వీపు గూనిగా వంగేసరికి ఆలస్యమవుతుంది. అదే వాల్వ్ కారితే గట్టి అడుగున్న కేజ్ చెరువవుతుంది.

మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో బెన్నెట్ గాలెఫ్ చేసిన పనిని బట్టి, పెద్ద ఎలుకలు తినే చోటికే పిల్లలు మొదట వెళ్తాయి. నీటి విషయంలోనూ అదే జరుగుతుందని నేననుకుంటాను. తల్లి పక్కనుండగా వాల్వ్ అలవాటైన పిల్లకు వాల్వ్‌తో పెద్ద చిక్కు లేదు, న్యాయంగా ఆ మాట చెప్పాలి. అసలు కష్టం సీసా దగ్గర పెరిగి, తల్లిని విడిచిన రోజే వాల్వ్ గదికి మారిన పిల్లది. ఒకే రాత్రి తల్లీ పోయింది, తెలిసిన నీరూ పోయింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా ప్రయోగ జంతువులను పెంచి దేశంలోని ఇతర ప్రయోగశాలలకు అందించింది. అలా ఊరు మారే పిల్లల విషయంలో, అవి ఏ నీటికి అలవాటుపడ్డాయో చెప్పే ఒక్క వాక్యం వాటి వెంట వెళ్లాలి.

నీళ్లలో నానబెట్టిన గుళికలు, నీటి జెల్ మొదటి రెండు రోజులు ఆదుకుంటాయి. త్వరగా పాడవుతాయి కనుక రోజూ మార్చాలి.

నా తీర్పు సీసాకే, అయితే పాలు మానే ఆ వారం రోజులకే. వాల్వ్ లైను ఉన్న గదుల్లో పనిచేసేవారికి నా విన్నపం: 17వ రోజు నుంచి 24వ రోజు దాకా ప్రతి కేజ్‌కూ ఒక సీసా కూడా తగిలించండి. గొట్టం కొస పిల్లకు అందేంత కిందికి, ఊకకు తగలనంత పైకి ఉండాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటిమట్టం చూడండి.