అమీర్‌పేట నోట్సులో మన అడవి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ జిరాక్సు సెంటరుకు వెళ్లినా పోటీ పరీక్షల నోట్సు దొరుకుతుంది. గ్రూప్స్‌కు చదివినా, డీఎస్సీకి చదివినా పర్యావరణం మీద ఒక పాఠం ఉంటుంది. అందులో 'అడవుల క్షీణతకు కారణాలు' అనే ప్రశ్న ఉంటుంది. జవాబు ఏ నోట్సులో చూసినా ఇంచుమించు ఒకటే. మన గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్ గదుల్లో కూర్చుని ఆ జవాబునే బట్టీ పడుతున్నారు. కథను, కవితను విమర్శించినట్టే దాన్నీ విమర్శించాలి. ఎందుకంటే మన కథల కంటే, కవితల కంటే మన పిల్లలు దాన్నే ఎక్కువసార్లు చదువుతున్నారు.

ఆ జవాబులో మొదటి కారణం పోడు. రెండోది వంటచెరకు కోసం చెట్లు నరకడం. మూడోది పశువుల మేత. ప్రాజెక్టులు, గనులు, రోడ్లు ఆ తర్వాత ఎక్కడో వస్తాయి. వరస సంగతి అలా ఉంచి వాక్యాలు చూడండి. 'గిరిజనులు పోడు కోసం అడవిని నరుకుతారు.' ఇక్కడ కర్త ఉన్నాడు. 'ప్రాజెక్టుల కోసం అటవీ భూములు మళ్లించబడ్డాయి.' ఇక్కడ కర్త లేడు. ఎవరు మళ్లించారో వాక్యం చెప్పదు. మనం చేస్తే నరకడం, వాళ్లు చేస్తే మళ్లించడం. మనం చేస్తే కర్తరి, వాళ్లు చేస్తే కర్మణి. తెలుగు మాస్టార్లకు ఆ వ్యాకరణ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పోడు అంటే ఏమిటో ఆ జవాబు ఎక్కడా చెప్పదు. కొండరెడ్లు, కోయలు పాత పద్ధతిలో పొదలు, చిన్న చెట్లు కొట్టి, ఎండాక తగలబెట్టి, ఆ బూడిదలో జొన్న, సామ, కంది వేసేవారు. కొన్నేళ్లు పండించాక ఆ చోటు వదిలేసేవారు. మొదళ్లు మళ్లీ చిగురించి అడవి లేచేది. ఇప్ప, చింత, మామిడి చెట్లను చేను మధ్యలోనే ఉంచేవారు. ఇప్పచెట్టును కొడితే పువ్వు పోతుంది, గింజ పోతుంది, నూనె పోతుంది. అది చిన్నపిల్లలకూ తెలుసు. నిజాం కాలంలో అడవులను రిజర్వు చేసి హద్దులు గీశాక తిరిగే చోటు తగ్గింది. ఉన్న చోటనే ఏటా దున్నక తప్పలేదు. ఆ హద్దుల మీద పోరాడే కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాడు. చరిత్ర నోట్సులో భీం వీరుడు. పర్యావరణం నోట్సులో ఆయన మనుషులే మొదటి కారణం. ఒకే సంచిలో రెండు నోట్సులూ ఉంటాయి.

'వంటచెరకు' అనే మాట మన ఇళ్లలో ఎవరూ అనరు. కట్టెలు అంటాం, పుల్లలు అంటాం. అమ్మ, వదిన అడవికి పోయి తెచ్చే మోపులో ఎక్కువ భాగం ఎండి రాలిన కొమ్మలే. ఒక మనిషి తలమీద ఎంత మోయగలదో అంతే తెస్తుంది. పాత మానును పడగొట్టాలంటే రంపం కావాలి, లారీ కావాలి, కొనేవాడు కావాలి. ఆ కొనేవాడు మన ఊళ్లో ఉండడు. అమీర్‌పేట, పంజాగుట్టల మీదుగా ఈ నగరంలో తిరిగితే కనిపిస్తాడు. రంజాన్ నెలలో హలీం భట్టీల కింద గంటల తరబడి కట్టెలు మండుతాయి. శ్మశానాల్లో చితులకు కట్టెలు పేర్చుతారు. ఇవి తప్పని నేననడం లేదు. విందుకూ చావుకూ కట్టె కావాలి. కానీ 'నగరవాసుల వంటచెరకు' అనే కారణం ఏ నోట్సులోనూ కనబడదు. కాగితం సంగతీ అంతే. సిర్పూర్ మిల్లుకు వెదురు మన అడవుల నుంచే పోయింది. మనల్ని తప్పుపట్టే వాక్యం కూడా కాగితం మీదే అచ్చయింది.

ఇక 'అడవి' అనే మాట. 2025 మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. అది రికార్డుల్లో అటవీ భూమి కాదని ప్రభుత్వం వాదించింది. విద్యార్థులు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అప్పటికే దాదాపు వంద ఎకరాలు చదునైపోయింది. రికార్డులో ఎవరి పేరున్నా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని ఆ కోర్టు 1996లోనే గోదావర్మన్ కేసులో చెప్పింది. కంచలో చెట్లున్నాయి, రికార్డులో పేరు లేదు, కనుక అడవి కాదన్నారు. మన చేలలో తాతల నాటి నుంచి నాగలి తిరుగుతోంది, రికార్డులో పేరుంది, కనుక అడవే అంటారు. రెండుచోట్లా కంటికి కనబడేదాన్ని వదిలి కాగితాన్నే చూశారు.

చట్టం మనకు పెట్టిన కొలతలు కూడా తెలుసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసీ సాగుదారు 2005 డిసెంబరు 13కు ముందే ఆ భూమిలో ఉండాలి. హక్కు వచ్చినా 4 హెక్టార్లకు మించదు. అదే చట్టం కింద గూడెంలో బడి కట్టుకోవడానికి అటవీ భూమి అడిగితే హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. దానికి గ్రామసభ సిఫారసు కావాలి. బడికి చెట్టు చెట్టూ లెక్కబెట్టాలి. కంచలో యంత్రం దిగాకే లెక్క మొదలైంది.

పంజాగుట్ట దాటితే బంజారాహిల్స్. ఆ కొండల మీద ఒకప్పుడు బతికిన బంజారాల పేరు మాత్రం దానికి మిగిలింది. ఇంకొంచెం పోతే కేబీఆర్ పార్కు. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని చుట్టూ చెట్లు కొడతామంటే నగరవాసులు రోడ్డుమీదికి వచ్చారు. మంచి పని చేశారు. వాళ్లను అందరూ పర్యావరణ ప్రేమికులన్నారు. తన చేలో హరితహారం గుంతలు తవ్వొద్దని అడ్డం నిలబడిన ఆదివాసీ తల్లిని మాత్రం ఆక్రమణదారు అన్నారు. ఇద్దరూ తమ చోటు కోసమే నిలబడ్డారు.

మనవైపు కూడా చూసుకోవాలి. పత్తి వచ్చాక ట్రాక్టరు తిరగడానికి అడ్డమని ఇప్పచెట్టు మొదట్లో నిప్పు పెట్టేవాళ్లు మనలోనూ ఉన్నారు. కలప వ్యాపారి ఇచ్చే కూలికి అర్ధరాత్రి రంపం పట్టేవాళ్లూ ఉన్నారు. లాభం అతనిది, కేసు మనది. పాత సాగు వేరు, కొత్త నరుకుడు వేరు. ఆ తేడా మనమే గట్టిగా చెప్పకపోతే అందరినీ ఒకే గాట కట్టేస్తారు. ఇది దాచిపెట్టి చేసే విమర్శకు బలం ఉండదు.

పరీక్ష రాసే పిల్లలకు మార్కులు పోగొట్టుకోమని చెప్పను. పోడు అని రాయండి, కట్టెలు అని రాయండి. పక్కనే గనులు, ప్రాజెక్టులు, కాగితం మిల్లులు, నగర విస్తరణ కూడా అంతే స్పష్టంగా రాయండి. ప్రతి వాక్యంలో కర్తను పెట్టండి. 1996 తీర్పు, 2006 చట్టం పేర్లు, సంవత్సరాలు వేయండి. దిద్దేవాళ్లు కాదనలేని జవాబు అవుతుంది.

ఉపాధ్యాయ మిత్రులు ఒక పీరియడు దీనికి ఇవ్వాలి. పాఠంలో 'మళ్లించబడింది', 'సేకరించబడింది', 'తొలగించబడింది' అన్న వాక్యాలను బోర్డు మీద రాసి, కర్తరిలోకి మార్చమనండి. ఎవరు అనే చోట పిల్లలు ఆగిపోతే, ఇంటికి పోయి అవ్వను, తాతను అడిగి రమ్మనండి. ఏ ఏడాది ఎవరు వచ్చారో, ఏ చెట్లు పోయాయో వాళ్లకు గుర్తుంటుంది. పిల్లలు తెచ్చిన జవాబులను నోటుబుక్కులో రాయించి, బడిలోనే దాచిపెట్టండి.